మా ఆయన ఎడమచెయ్యి

మా ఆయన ఎడమచెయ్యి ఆయన మాట వినదు. కోపంతో అంటున్న మాట కాదిది, మా వీధిలో ఎవర్ని అడిగినా ఇదే చెప్తారు. మెట్లు దిగుతుంటే ఆ చేతి నాలుగు వేళ్ళూ వాటంతటవే లోపలికి ముడుచుకుంటాయి. బస్సులో వెళ్తున్నప్పుడు బస్సు పల్లంలోకి దిగిందంటే చాలు, ముందు సీటు కడ్డీని పట్టుకుని పిసికేస్తారు. ఒకసారి ఆ కడ్డీ మీద ముందు సీటాయన చెయ్యి ఉంది. ఆ పెద్దమనిషికి సర్దిచెప్పడానికి నాకు రెండు స్టాపుల దూరం పట్టింది. మా ఆయన మాత్రం తనకేమీ సంబంధం లేనట్టు కిటికీలోంచి కొండని చూస్తూ కూర్చున్నారు.

ఆ చేతికి ఆ జబ్బు ఎలా పట్టుకుందో తెలియాలంటే ఆయన ఉద్యోగం గురించి చెప్పాలి. మేముండేది కొండ మీది పేటలో. అక్కడ రక్తపరీక్షల వాళ్ళకి ఒక చిన్న గది ఉంది. నర్సమ్మ పొద్దున్నే వచ్చి కూర్చుని, వచ్చినవాళ్ళందరి దగ్గరా రక్తం తీసి గాజు గొట్టాల్లో నింపుతుంది. ఆ గొట్టాలున్న ఐసు పెట్టెని బండి మీద కట్టుకుని కొండ కింద ఉన్న ల్యాబుకి చేర్చడం మా ఆయన పని. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. పైనుంచి కిందికి పదకొండు మలుపులు. ఇరవై మూడేళ్ళుగా చేస్తున్నారు, ఒక్క గొట్టం పగల్లేదు. ఈ చివరి ముక్క నాది కాదు, ఆయనది. పాలవాడికి చెప్పారు, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయనకి చెప్పారు, మా అమ్మ పోయినప్పుడు పరామర్శకి వచ్చినవాళ్ళకి కూడా చెప్పారు.

బండి టూ స్ట్రోక్. అది వస్తోందంటే ముందు చప్పుడు వస్తుంది, ఆ తర్వాత మా ఆయన వస్తారు, చాలాసేపటికి పొగ వెళ్తుంది. ఎదురింటావిడ ఆ చప్పుడు వినగానే ఆరేసిన బట్టలు లోపలికి తీసుకుపోయేది. ఆ బండి తాగేది మామూలు పెట్రోలు కాదు, నూనె కలిపిన పెట్రోలు. ఆ నూనె కొలవడానికి మా ఆయన పెళ్ళైన రెండో నెలలోనే నా వంటింట్లో కొలత గ్లాసు ఎత్తుకుపోయారు. అడిగితే, వంటలో చిటికెడు అటూ ఇటూ అయినా ఏం కాదు, ఇంజన్‌కి అలా కుదరదు అన్నారు. అప్పుడు కొత్తకోడల్ని కాబట్టి ఊరుకున్నాను.

కొందరు డాక్టర్ని నమ్ముతారు, కొందరు జాతకాన్ని నమ్ముతారు, మా ఆయన క్లచ్‌ని నమ్ముతారు. ఆయన సిద్ధాంతం ఇది. ఈ బండిలో ఇంజన్ అరిగిపోకుండా కాపాడే నూనె పెట్రోలుతో కలిసే లోపలికి వెళ్తుంది. దిగుడులో యాక్సిలరేటర్ మూసేసి బండిని గేరులోనే వదిలేస్తే చక్రం ఇంజన్‌ని గిరగిరా తిప్పుతుంది, కానీ పెట్రోలు వెళ్ళదు. పెట్రోలు లేదంటే నూనె లేదు. నూనె లేకుండా తిరిగితే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. పోనీ అలా వదిలితే ఇంజన్ బండిని వెనక్కి లాగి పడుతుందా అంటే, టూ స్ట్రోక్‌లో ఆ పట్టు అంతంతమాత్రమే. అందుకని పల్లం కనబడగానే ఎడమచేత్తో క్లచ్ పట్టెయ్యాలి, చక్రానికీ ఇంజన్‌కీ సంబంధం తెంపెయ్యాలి, బ్రేకు మీద దిగాలి, మధ్యమధ్యలో ఒకసారి రేజ్ ఇచ్చి ఇంజన్‌కి ఒక గుక్క నూనె పట్టాలి. "లాగడం ఇంజన్ పని, ఆపడం బ్రేకు పని" అని దీన్నంతా ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్క నేను కొన్ని వేలసార్లు విన్నాను.

సంసారం కూడా ఆయన ఇలాగే నడిపారు. నేను కాస్త గొంతు పెంచానంటే క్లచ్ పట్టేస్తారు. లోపల ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, మనిషి ఎదురుగానే కూర్చుని ఉంటారు, నేనన్నది మాత్రం చక్రం దాకా వెళ్ళదు. పిల్ల చదువు గురించి, ఇంటి కప్పు కారడం గురించి నేను చేసిన ప్రసంగాలన్నీ అలా గాల్లో కలిసిపోయినవే.

ఇలా సాగుతుండగా ల్యాబుకి కొత్త సూపర్వైజర్ వచ్చింది. మా అమ్మాయి కంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో, అంతే. అందరూ మేడమ్ అంటారు. మేడమ్ వచ్చిన మొదటి వారంలోనే, ల్యాబు గుమ్మంలో రోగులు దగ్గేది రోగంతో కాదు, మా ఆయన బండి పొగతో అని కనిపెట్టింది. టూ స్ట్రోక్ బండి ఇక గేటు లోపలికి రాకూడదంది. ల్యాబు తరఫున కొత్త ఫోర్ స్ట్రోక్ బండి ఇచ్చి, మధ్యాహ్నం దిగేటప్పుడు నర్సమ్మని కూడా వెనక కూర్చోబెట్టుకుని తీసుకురమ్మంది.

మా ఆయన కొత్త బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. స్టార్ట్ చేసి, చెవి దగ్గరగా పెట్టి విని, ఇది నడుస్తోందా పడుకుందా అని వెటకారమాడారు. మర్నాడు నర్సమ్మని ఎక్కించుకుని, పెట్టె కట్టుకుని బయల్దేరారు. మొదటి పల్లం రాగానే ఎడమచెయ్యి తన పని తాను చేసింది. పాత బండి కంటే ఇది బరువు, పైగా వెనక నర్సమ్మ, ఆవిడేమీ సన్నటి మనిషి కాదు. క్లచ్ పట్టేసిన బండిని మొత్తం బ్రేకులే మోసుకుంటూ వచ్చాయి. ఏడో మలుపు దగ్గర కాలిన వాసన మొదలైంది. తొమ్మిదో మలుపు దగ్గర బ్రేకు తొక్కితే మెత్తగా కిందికి పోయిందట, బండి మాత్రం ఆగలేదట. ల్యాబు గేటు దాటి, వాచ్‌మన్ కుర్చీని గుద్ది, వరసగా పెట్టిన పూలకుండీల్లోకి దూరి ఆగింది. వాచ్‌మన్ ఆ నిమిషంలో టీ తాగడానికి వెళ్ళాడు కాబట్టి బతికిపోయాడు. నర్సమ్మ కుండీల మధ్యలోంచి లేచి, చీరకంటిన మట్టి దులుపుకుని, ఈ జన్మలో ఈయన వెనక కూర్చోనని అందరి ముందూ చెప్పింది.

పెట్టెలో మూడు గొట్టాలు పగిలాయి. ఇరవై మూడేళ్ళు ఊరందరికీ వినిపించిన ముక్క ఆ రోజుతో అయిపోయింది.

మేడమ్ అరవలేదు. పది రోజులు గడువిచ్చింది. పదకొండో రోజు పెట్టె కట్టుకుని, వెనక ఒక మనిషిని కూర్చోబెట్టుకుని, పైనుంచి దిగి గేటు ముందు తెల్లగీత మీద ఆపాలి. ఆపగలిగితే దారి ఆయనదే. లేకపోతే ల్యాబు కింద నేలమాళిగలో గొట్టాలకి చీటీలు అంటించే బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంది, అక్కడ కూర్చోవాలి. మా ఆయన వెళ్ళి ఆ గది చూసి వచ్చారు. భోజనం సగంలో లేచి చెయ్యి కడుక్కుంటూ, "అక్కడ కిటికీ లేదు" అన్నారు. ఎంత ఎగతాళి చేసినా నా మొగుడే కదా. ఆ దారిలో ఏ మలుపు దగ్గర ఎండ ఏ వేళకి పడుతుందో చెప్పగల మనిషి ఆయన. ట్యూబులైటు కింద చీటీలు అంటిస్తూ ఏడాది కూడా బతకరు.

మా వీధి చివర మా తమ్ముడికి మెకానిక్ షెడ్డు ఉంది. వాణ్ణి పిలిచాను. వాడు షెడ్డు పెట్టేనాటికే టూ స్ట్రోక్‌లు పోయి ఫోర్ స్ట్రోక్‌లు వచ్చేశాయి. అందుకని వాడికి బావ బండి అంటే చులకన, బావ అంటే ఇంకాస్త చులకన. రెండు బండ్లనీ పక్కపక్కన నిలబెట్టి, తాళాలు తీసేసి, రెండింటి కిక్ రాడ్‌నీ చేత్తో నొక్కమన్నాడు. పాత బండిది సులువుగా కిందికి దిగింది. కొత్త బండిది మధ్యలో మొరాయించింది, మా ఆయన బలంగా నొక్కితే గానీ దిగలేదు.

ఆ మొరాయింపే దిగుడులో నిన్ను కాపాడేది బావా అని మా తమ్ముడు మొదలుపెట్టాడు. ఫోర్ స్ట్రోక్‌లో నూనె పెట్రోలుతో కలవదు, ఇంజన్ అడుగున వేరే తొట్టిలో ఉంటుంది, పెట్రోలు వెళ్ళినా వెళ్ళకపోయినా లోపల తిరుగుతూనే ఉంటుంది. రెండో గేరులో పెట్టి యాక్సిలరేటర్ మూసేస్తే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది, బ్రేకుకి సగం బరువు తగ్గుతుంది. నువ్వు చెయ్యాల్సిందల్లా క్లచ్ ముట్టుకోకుండా ఉండటమే అన్నాడు. మా ఆయన అంతా ఓపిగ్గా విని, లాగడం ఇంజన్ పని, ఆపడం బ్రేకు పని అన్నారు. మా తమ్ముడు చేతిలో ఉన్న స్పానర్ కింద పడేసి బయటికి వెళ్ళిపోయాడు.

తర్వాత వారం రోజులు నా తల ప్రాణం తోకకొచ్చింది. రోజూ సాయంత్రం నేను వెనక కూర్చునేదాన్ని. పల్లం రాగానే ఆ నాలుగు వేళ్ళూ ముడుచుకునేవి, నేను చెయ్యి చాపి ఫట్‌మని కొట్టేదాన్ని. కొట్టి లాభం లేక మూడో రోజు నుంచి ఏకంగా ఆ చేతి మీద నా చెయ్యి వేసి వేళ్ళు తెరిచి పట్టుకున్నాను. ఇరవై మూడేళ్ళలో ఎన్నడూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని తిరగని మొగుడూ పెళ్ళాలం, బండి మీద వాటేసుకుని షికార్లు కొడుతున్నామని పేటంతా పాకింది. ఎదురింటావిడ నన్ను చూసి ముసిముసిగా నవ్వింది. నవ్వులపాలైనా పని జరిగితే బాగుండేది. నేను చెయ్యి తీశానా, క్లచ్ పట్టేశారా, అంతే. ఇంజన్ మూలుగుతోందే, దానికి ఊపిరాడట్లేదే అని జాలి పడేవారు. పెళ్ళాం మూలిగితే ఏనాడూ అంత చప్పున వినబడలేదు ఆయనకి.

ఎనిమిదో రోజు మా తమ్ముడికి ఓపిక చచ్చిపోయింది. ఇరవై మూడేళ్ళు తప్పుగా నడిపావు బావా, బతికి ఉండటం నీ అదృష్టం, ఇంజన్ పట్టేస్తుందన్నదంతా నీ భ్రమ అనేశాడు. మా ఆయన మొహం కందగడ్డయింది. అంత నమ్మకముంటే నా బండి తీసుకుని నువ్వు చెప్పినట్టే దిగి చూపించు అన్నారు. వాడు కాస్త తటపటాయించాడు. అప్పుడైనా నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేదు.

"వెళ్ళరా, దిగి చూపించు. ఈయనకి పట్టిన దెయ్యం ఇవాళ్టితో వదులుతుంది" అన్నాను.

వాడు పాత బండి తీశాడు. మేమిద్దరం కొత్త బండి మీద నాలుగో మలుపు దాకా వెళ్ళి పిట్టగోడ దగ్గర నిలబడ్డాం, అక్కడినుంచి కింద రెండు మలుపులు కనిపిస్తాయి. వాడు మా ముందునుంచే రెండో గేరులో, యాక్సిలరేటర్ పూర్తిగా మూసి, ఎడమచెయ్యి పైకెత్తి ఊపుతూ మరీ వెళ్ళాడు. ఐదో మలుపు తిరిగాడు. ఆరో మలుపు ముందు నిటారు పల్లంలో చప్పుడు సన్నగా కీచుమంది, ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనక చక్రం బిగుసుకుపోయి, రోడ్డు మీద బారెడు నల్లటి గీత గీసుకుంటూ బండి ఒక పక్కకి పడింది, మా తమ్ముడు పొదల్లోకి పడ్డాడు.

మేం వెళ్ళేసరికి వాడు మోచెయ్యి పట్టుకుని లేచి కూర్చున్నాడు. తోలు లేచిపోయింది, అంతకు మించి ఏం కాలేదు. మా ఆయన ముందు వాడి చెయ్యి అటూ ఇటూ వంచి చూశారు. ఆ తర్వాతే బండి దగ్గరికి వెళ్ళారు. కిక్ రాడ్ మీద నిలబడి ఒంటి బరువంతా వేశారు. కదల్లేదు. ఇంకోసారి వేశారు. అప్పుడు దిగి, రోడ్డు పక్కన కూర్చుండిపోయారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు. రెచ్చగొట్టి పంపింది నేనే. నా నోటిని నేనే కొట్టుకోవాలనిపించింది.

మా తమ్ముడు వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. "బావా, దీని విషయంలో నువ్వు చెప్పింది నిజమే. నువ్వు అలా దిగావు కాబట్టే ఇది ఇన్నాళ్ళు బతికింది. తప్పు నాది" అన్నాడు.

మా ఆయన వాడి వైపు తిరిగారు. "అంటే నేను తప్పుగా నడపలేదన్నమాట."

"ఈ బండిని నువ్వు నడిపినట్టు నేను నడపలేను బావా. కానీ ఆ బండి వేరు" అన్నాడు వాడు.

ముగ్గురం కలిసి పాత బండిని పైదాకా తోసుకొచ్చాం. ఆ సాయంత్రం మా ఆయన నా కొలత గ్లాసుని సబ్బుతో తోమి, తుడిచి, వంటింటి అలమరలో పెట్టారు. అది చూసి నేను పక్కగదిలోకి వెళ్ళి ఏడ్చాను. ఆ గ్లాసు కోసం ఇన్నేళ్ళు పోట్లాడినదాన్ని, అది తిరిగొస్తే ఏడుపెందుకు వచ్చిందో అడక్కండి.

మర్నాడు పొద్దున్నే కొత్త బండి తీసి, రా కూర్చో అన్నారు. మొదటి పల్లం వచ్చింది. నేను చెయ్యి చాపబోయాను. ఆ వేళ్ళు సగం ముడుచుకున్నాయి, మళ్ళీ తెరుచుకున్నాయి. ఇంజన్ గుర్రుమంది. మా ఆయన దాన్ని గుర్రుమననిచ్చారు. సాయంత్రానికి పదకొండు మలుపులూ అలాగే దిగారు. వారం రోజులు నేను కొట్టినా, తిట్టినా, వాటేసుకున్నా రాని విద్య ఒక్క పూటలో వచ్చేసింది, ఏంటయ్యా అంటే నువ్వు చెప్పింది నిజమే అని ఎవరో ఒకరు అన్నారు కాబట్టి. ఈ కిటుకు నాకు పెళ్ళైన కొత్తలో చెప్పినవాళ్ళు లేరు. చెప్పి ఉంటే కారే కప్పు ఎప్పుడో బాగయ్యేది.

పరీక్ష రోజు వచ్చింది. వెనక కూర్చోవడానికి నర్సమ్మ ససేమిరా అంది. పెట్టె నెత్తిన పెట్టుకుని పదకొండు మలుపులూ నడిచి దిగుతాను గానీ ఆ బండెక్కనంది. పరీక్ష చూడ్డానికి పైకొచ్చిన మేడమ్ నా వైపు చూసింది. నేను ఎక్కాను. మేడమ్ తన స్కూటరు మీద మా వెనకే వచ్చింది.

ఆయన బాగా నడిపారు. ఇంత వెక్కిరించినదాన్నే చెప్తున్నాను, చాలా బాగా నడిపారు. ఏడో మలుపు దగ్గర నీళ్ళ లారీ ఒకటి దారికి అడ్డంగా వెనక్కి తీస్తోంది. మా బండి అప్పటికే నెమ్మదిగా ఉంది, బ్రేకు మీద కాలు అలా ఆనించారో లేదో ఆగిపోయింది. లారీవాడు వెళ్ళాక మళ్ళీ రెండో గేరు, మళ్ళీ ఆ గుర్రు. గేటు దగ్గర ముందు చక్రం తెల్లగీత మీద సరిగ్గా కూర్చుంది. మేడమ్ స్కూటరు దిగి వచ్చి, వెనక బ్రేకుని వేలి వెనకవైపుతో తాకి చూసింది. గోరువెచ్చగా ఉందంది. పెట్టె తెరిపించి గొట్టాలు లెక్కపెట్టింది, అన్నీ ఉన్నాయి. వాచ్‌మన్ కుర్చీ కూడా క్షేమంగానే ఉంది.

మా ఆయన అప్పటికే ఛాతీ విరుచుకుని నిలబడ్డారు. దిగుడులో క్లచ్ ముట్టుకోకూడదని, ఇంజన్‌ని నమ్ముకోవాలని వాచ్‌మన్‌కి పాఠం మొదలెట్టేశారు, పుట్టినప్పటినుంచీ అదే చెప్తున్నట్టు.

మేడమ్ కాగితం నింపుతూ ఆఖరి గడి దగ్గర ఆగి నన్ను పిలిచింది. వెనక కూర్చున్నవాళ్ళ మాట కూడా రాయాలట. నేను భయమేసిందంటే ఇవన్నీ దండగే. ఆయన నా వైపు చూసి ధీమాగా నవ్వారు.

"మీకు భయం వేసిందా అమ్మా?" అని అడిగింది.

"ఇవాళ వెయ్యలేదు" అన్నాను.

ఆమె కలం ఆపింది. "ఇవాళ అంటే?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. ఎప్పటినుంచో లోపల ఉన్నది అడగ్గానే బయటికొచ్చేసింది. "ఇరవై మూడేళ్ళుగా ఈయన వెనక కూర్చుంటున్నానమ్మా. ఈ దారి దిగేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా ఫుట్‌రెస్టుని కాలితో తొక్కుతూనే ఉంటాను, అక్కడేదో బ్రేకు ఉన్నట్టు. కిందికి వచ్చేసరికి పిక్క రాయిలా బిగుసుకుపోతుంది. నిలబడి వంట చేసి నొప్పనుకుంటారు ఈయన. ఇవాళ కిందికొచ్చి చూసుకుంటే కాలు మామూలుగా ఉంది. అదే రాసుకోండి."

మేడమ్ నన్నొకసారి, ఆయన్నొకసారి చూసి, తల వంచుకుని రాసుకుంది. సంతకం పెట్టి కాగితం ఆయన చేతికిచ్చింది. దారి ఆయనకే ఉంది. ఆయన ఆ కాగితాన్ని చదవలేదు, మడిచి జేబులో పెట్టుకున్నారు. వాచ్‌మన్‌కి చెప్తున్న పాఠం సగంలో ఆగిపోయింది.

గేటు దాటాక, "ఒక్కసారైనా చెప్పలేదేం నాకు?" అన్నారు.

"మొదటి ఏడాదే చెప్పాను. భయమైతే కళ్ళు మూసుకోమన్నారు."

ఇంటిదాకా ఎక్కుడు దారి. ఇంటి ముందు బండి ఆపి, నేను దిగేదాకా హ్యాండిల్ గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. నేను గుమ్మం ఎక్కబోతుంటే వెనకనుంచి, "ఏ కాలు?" అని అడిగారు.

అడగడానికి ఇరవై మూడేళ్ళు పట్టిన మనిషికి ఇవ్వాల్సిన సమాధానాలు నా దగ్గర బోలెడున్నాయి. కుడికాలు అని చెప్పాను.